కొండకూ కంటికీ నడుమ
(దామెర్ల రామారావు స్మరణలో శృంగవరపుకోటలో చేసిన ఉపన్యాస పాఠం)

స్మారకోపన్యాసానికి ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి పేరు మీద సభ జరుగుతోందో వారిని ముందు నాలుగు మాటల్లో పొగిడేసి, ఆ తర్వాత మన విషయం మనం చెప్పుకుంటాం. ఈవేళ ఆ రెండు పనులూ విడదీయను, ఎందుకంటే నా వాదానికి దామెర్ల రామారావే మొదటి సాక్షి. ఆయన 1897లో రాజమండ్రిలో పుట్టారు. అక్కడి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. కుర్రవాడి చేతిలో పనితనం కనిపెట్టి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివేందుకు దారి చూపింది ఆయనే. రామారావు చదువు ముగించుకుని వచ్చి, రాజమండ్రిలోనే చిత్రకళ నేర్పే బడి పెట్టి, 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి కన్నుమూశారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. ఆయన పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేవి పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం వంటి మనుషుల బొమ్మలు. గోదావరినీ తూర్పు కనుమలనూ ఆయన గీసిన నీటిరంగుల చిత్రాల గురించి అంతగా మాట్లాడుకోం. పురాణ ఘట్టాలు గీసేవారు ఆయనకు ముందూ ఉన్నారు, తర్వాతా వచ్చారు. ఒక కొండను, ఒక రేవును, ఫలానా పూట ఫలానా వెలుతురులో ఉన్నదున్నట్టు పట్టుకోవాలన్న పట్టుదల మాత్రం తెలుగు చిత్రకళకు కొత్తది. నా లెక్కలో ఆయన మనకిచ్చిన ముఖ్యమైన సంగతి ఇదే. దీన్నుంచి నేను తీస్తున్న వాదం ఇంతే: ప్రకృతి చిత్రంలో గీయవలసిన వస్తువు కొండా కాదు, చెట్టూ కాదు, కొండకూ కంటికీ నడుమ ఉన్న గాలి, ఆ గాలిలోని తడి, దాన్ని దాటుకుని వచ్చే వెలుతురు. ప్రకృతి భావం అని మనం అంటున్నది చిత్రకారుడు పైనుంచి పులిమేది కాదు, ఆ పూటలో నిజంగా ఉండేదే.

ఈ మాట రుజువు చేయడానికి శృంగవరపుకోట కంటే అనువైన ఊరు ఉండదు. ఇక్కడ పెద్ద కొండలన్నీ పడమట, వాయవ్యాన ఉన్నాయి. తూర్పున మైదానం, దాని ఆవల భీమిలి సముద్రం. పొద్దున సూర్యుడు మన వీపు వైపునుంచి కొండ ముఖం మీద నేరుగా కొడతాడు. అప్పుడు కొండమీది ఎర్రమట్టి బయటపడిన చోట్లు, పోడు కొట్టిన చెక్కలు, పుణ్యగిరి వైపు లోయ మడతలు అన్నీ విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. కాని నీడ లేనందువల్ల కొండ గోడకు అంటించిన కాగితంలా పలచగా ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక సూర్యుడు కొండ వెనక్కి వాలడం మొదలుపెడతాడు. ఇక వివరాలన్నీ మాయం. పొద్దుట ఒకే కొండగా కనిపించింది ఇప్పుడు మూడు నాలుగు వరసలుగా విడిపోతుంది: దగ్గరి వరస ముదురు నీలం, దాని వెనకది బూడిద కలిసిన నీలం, ఆ వెనకది ఆకాశంలో కలిసిపోయేంత లేతది. దూరపు కొండలు ఎందుకు నీలంగా కనిపిస్తాయో లియొనార్డో చూసి రాసుకున్నాడు, పంతొమ్మిదో శతాబ్దంలో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్కకట్టి చెప్పాడు: గాలిలోని అణువులు నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి, దూరం పెరిగేకొద్దీ ఆ చెదిరిన నీలం మన కంటికీ కొండకూ మధ్య పేరుకుంటుంది. గాలిలో తేమ, దుమ్ము ఎక్కువైతే ఆ నీలం కాస్తా తెల్లబడి పాలిపోతుంది. గట్టి వాన కురిసి వెలిసినప్పుడు దుమ్మంతా కడుక్కుపోయి, నిన్నటిదాకా మసకలో ఉన్న అనంతగిరి వరస ఒక్కసారి ఊరి మీదికి జరిగినట్టు ఉంటుంది. కొండ కదలలేదు, మట్టి మారలేదు, చెట్టు మారలేదు. మారింది నడుమ ఉన్నది. చిత్రకారుడు దేన్ని గీయాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతోంది.

ఇంకొంచెం లోపలికి వెళ్తే, ఋతువు చిత్రంలోకి వస్తువుగానే కాక పనిముట్టుగా కూడా వస్తుందని తెలుస్తుంది. నీటిరంగులు వేసేవారెవరినైనా అడగండి. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, కాగితం మీద నీళ్లరంగు ఒక పూత పూసి కుంచె మళ్ళీ ముంచుకుని వచ్చేలోగానే మొదటి పూత ఆరిపోతుంది. రెండో పూత తగిలిన చోట గట్టి గీత పడుతుంది. అంచులన్నీ కోసినట్టు వస్తాయి. విచిత్రమేమంటే ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం దగ్గరి వస్తువుల అంచులు కూడా అలాగే ఉంటాయి, తాటిచెట్టు నీడ నేలమీద కత్తితో గీసినట్టు పడుతుంది. అదే చిత్రకారుడు మృగశిర దాటి ఆరుద్రలో కూర్చుంటే కాగితం గంటసేపు తడి విడవదు. కొండ అంచు మీద వేసిన నీలం ఆకాశంలోకి తనంత తానే పాకుతుంది. బయట మబ్బు కొండ మీదికి దిగుతున్నది కూడా అలాగే, అంచు చెరిపేసుకుంటూ. మంచును గీయడానికి తెల్లరంగు అక్కర్లేదు, కాగితాన్ని వదిలేయడమే దాన్ని గీయడం. నూనెరంగుల్లో ఇది కుదరదని అనను; కుదురుతుంది, వేరే తోవలో. కాని తడిగాలి ఉన్న దేశానికి నీటిరంగులు సహజంగా అమరాయి. గోదావరి ఒడ్డున రామారావు చేతికి అవి రావడం కొంత కూల్డ్రే ప్రభావం, చాలా వరకు ఆ నది చలవ. పచ్చదనం దగ్గర మాత్రం అందరూ తడబడతారు. ట్యూబులోంచి తీసిన పచ్చరంగు ఏ పొలంలోనూ ఉండదు. ఊడ్చిన పదో రోజు వరిమడిలో నీళ్ల తెలుపు ఎక్కువ, ఆకు తక్కువ. పొట్ట మీదున్న చేను ముదురు, అందులో నీలం ఛాయ ఉంటుంది. కోతకు వచ్చేసరికి పచ్చ తప్పుకుని పసుపు మిగులుతుంది. పక్కనే మామిడితోట ఏడాది పొడుగునా దాదాపు నలుపు. ఈ తేడాలు తెలియనివాడు పచ్చటి చిత్రం వేస్తాడు గాని పొలాన్ని వేయలేడు.

ఇక్కడ మన బడుల సంగతి చెప్పక తప్పదు. డ్రాయింగు పోటీలో 'సీనరీ' వేయమంటే పిల్లలు ఏం వేస్తారో మీకు తెలుసు. రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కిరణాలు, కిందికి మెలికలు తిరిగే ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, పైన నాలుగు కాకులు. ఏ ఊళ్లో అడిగినా ఇదే బొమ్మ. శృంగవరపుకోట పిల్లవాడు కూడా దీన్నే వేసి, కింద 'సూర్యోదయం' అని రాస్తాడు. ఈ ఊళ్లో కొండల మధ్య ఉదయించిన సూర్యుణ్ణి చూడాలంటే సూర్యుడు పడమట పుట్టాలి! పిల్లవాడిది తప్పు కాదు. కిటికీలోంచి కొండ కనిపిస్తున్నా, బొమ్మ అచ్చుపుస్తకంలోంచే రావాలని అతనికి మనం నేర్పాం. దానికి విరుగుడు ఏమిటో ప్రపంచంలో మూడు చోట్ల మూడు కాలాల్లో కనిపెట్టారు. పదకొండో శతాబ్దపు చైనాలో గువో షి అనే ఆస్థాన చిత్రకారుడు, ఒకే కొండ నాలుగు ఋతువుల్లో నాలుగు రకాలుగా ఉంటుందని, దాని మంచూ మబ్బూ ఋతువును బట్టి మారతాయని శిష్యులకు బోధించాడు. 1072లో ఆయన వేసిన తొలి వసంతం చిత్రం ఇప్పటికీ ఉంది. ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822 సంవత్సరాల్లో హాంప్‌స్టెడ్ గుట్ట మీద కూర్చుని ఉత్త ఆకాశాన్నే పదులకొద్దీ గీశాడు, చాలావాటి వెనక తేదీ, గంట, గాలి ఏ వైపునుంచి వీస్తోందో రాసుకున్నాడు. ఫ్రాన్సులో క్లోడ్ మోనే 1890, 91లలో ఒకే పొలంలోని గడ్డివాములను పొద్దునా సాయంత్రమూ, ఎండలో, మంచులో మళ్ళీ మళ్ళీ వేశాడు. ముగ్గురి దేశాలూ కాలాలూ వేరు, అయినా తేలిన సంగతి ఒకటే: ఎదురుగా ఉన్నదాన్నే పూట మారినప్పుడల్లా మళ్ళీ చూడటం.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. ప్రకృతి దృశ్యాన్ని విడిగా గీయడం దొరల అలవాటు, కంపెనీ సర్కారుతో పాటు వచ్చింది, మన సంప్రదాయంలో మనుషులూ దేవుళ్లే తప్ప ఉత్త కొండను ఎవరు గీశారు అంటారు. ఇందులో సగం నిజం ఉంది. ఈస్టిండియా కంపెనీ సైనికోద్యోగులకు ఆడిస్కోంబ్ బడిలో దృశ్యచిత్రణ నేర్పేవారు. కోటలూ కనుమలూ గీసి పంపడం వాళ్ల ఉద్యోగంలో భాగం. ఆంగ్ల చిత్రకారులు థామస్, విలియం డానియెల్‌లు 1792లో దక్షిణదేశమంతా తిరిగి గీసిన దృశ్యాలు లండనులో అచ్చై అమ్ముడుపోయాయి. ఆ చిత్రాల్లో చాలావాటిది చూసినవాడి చూపు కంటే ఏలినవాడి చూపు. అదే సమయంలో మన గోడల మీద చూస్తే, పదహారో శతాబ్దపు లేపాక్షి చిత్రాల్లో చెట్టూ ఉంది, మృగమూ ఉంది, కాని ఏ బొమ్మకూ నేల మీద నీడ పడదు. అక్కడ పొద్దు లేదు, మాపు లేదు. మరి పూటను చూసే కన్ను మనకు లేదా? ఉంది, అది గోడ మీద కాక పద్యంలో ఉంది. అదే శతాబ్దంలో, అదే విజయనగర రాజ్యంలో, కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానాకాలాన్ని చెబుతూ, తడిసిన ఇళ్లలో నిప్పు కోసం ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగే తిప్పలు చూపించాడు. తల రెక్కల్లో దూర్చుకుని కాలవల్లో నిద్రపోతున్న బాతులను చూసి, స్నానానికి వచ్చిన బ్రాహ్మలు మరిచిపోయిన తడి ధోవతులనుకుని కాపలావాళ్ళు వాటిని తీయడానికి దిగారని రాశాడు. మసక వెలుతురులో తెల్లటిదేదైనా మరోలా కనిపిస్తుందన్న పరిశీలన అది, అచ్చంగా చిత్రకారుడి పరిశీలన. ఉత్తరాన పహాడీ చిత్రకారులు బారామాసా వరసల్లో నెలకొక ఆకాశాన్ని గీశారు, నల్లమబ్బు మీద తెల్ల కొంగల బారు వాళ్లకు ఇష్టమైన గుర్తు. ఇక మన రైతు సంగతి. ఏడాదిని ఇరవై ఏడు కార్తెలుగా విడగొట్టి, పదమూడు పద్నాలుగు రోజులకొకసారి ఆకాశం మారుతుందని లెక్క కట్టినవాడికి వెలుతురు చూడటం ఎవరు నేర్పాలి? కాగితం, రంగుపెట్టె, దూరాన్ని కొలిచే గీతలు బయటినుంచి వచ్చాయి. చూపు ఇక్కడిదే. రామారావు చేసింది ఈ రెంటినీ కలపడం.

రెండో అభ్యంతరం తాత్వికమైనది. కొండకు దిగులు ఉండదు, మబ్బుకు కోపం రాదు. ఆ దిగులు, కోపం చూసేవాడివే అని. ఆంగ్ల కళావిమర్శకుడు జాన్ రస్కిన్ 1856లోనే ఈ లోపాన్ని ఎత్తి చూపించాడు. కవులు తమ మనసును ప్రకృతికి తగిలించి మోసపోతారని ఆయన ఫిర్యాదు. నేను దీన్ని ఒప్పుకుంటాను, ఒప్పుకున్నందువల్ల నా వాదానికి బలం పెరుగుతుందే తప్ప తగ్గదు. పడమటి కొండ సాయంత్రం ముందుగానే ఈ ఊరి మీద నీడ వేస్తుంది, భీమిలి ఒడ్డున అదే సమయానికి ఇంకా ఎండ ఉంటుంది. నీడలో ఉన్న నేల నీలానికి తిరుగుతుంది, దాని పైన ఆకాశం ఇంకా పసుపుగానే ఉంటుంది. ఈ రెండు రంగులు ఒకేసారి కనిపించే పూటలో చూసేవాడికి ఏదో ముగిసిపోతున్న భావన కలుగుతుంది. ఆ భావనకు కారణం అతని బెంగ కాదు, నేలకూ నింగికీ వెలుతురులో వచ్చిన ఎడం. ఆ ఎడాన్ని సరిగ్గా కొలిచి గీస్తే భావం దానంతట అదే వస్తుంది. కొలవకుండా భావం కోసం పాకులాడితే ఊదారంగు ఎక్కువై క్యాలెండరు బొమ్మ తయారవుతుంది. రస్కిన్ భయపడిన మోసం జరిగేది ఈ రెండో రకం చిత్రకారుడి చేతుల్లోనే.

వేరే ఊరి గాలిని తెచ్చి ఇక్కడ గీయడం కూడా ఆ మోసంలో భాగమే. తుమ్మపూడి సంజీవదేవ్ ఉదాహరణ ఇందుకు పనికొస్తుంది. 1914లో పుట్టి 1999 దాకా జీవించిన ఈ గుంటూరు జిల్లా మనిషి యౌవనంలో హిమాలయాలకు వెళ్లి, కులూ లోయలో చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర గడిపి, తిరిగి తన పల్లెకే వచ్చి స్థిరపడ్డారు. కళ గురించి తెలుగులో ఆయనంత నిబ్బరంగా రాసినవారు తక్కువ, స్వయంగా చిన్న చిన్న ప్రకృతి చిత్రాలూ గీశారు. రోరిక్ కొండలు ఎత్తుమీది పొడిగాలిలోవి: అంచులు కత్తిరించినట్టు, రంగులు ముక్కలుగా. ఆ పద్ధతి హిమాలయానికి న్యాయం చేస్తుంది. దాన్ని అనంతగిరికి తెచ్చి అతికిస్తే, సముద్రపు తేమ తాగిన మన కొండ మంచుకొండ వేషం కట్టినట్టవుతుంది. మన దగ్గర అంచు కరగాలి. తెలిసిన చిత్రకారుడి ప్రభావం నుంచి బయటపడే దారి మరో చిత్రకారుడు కాదు, ఎదురుగా ఉన్న గాలి.

మూడో ప్రశ్న ఈ కాలపుది. చేతిలో ఫోను ఉండగా కుంచె ఎందుకు? 1960లలో జపాను సహకారంతో, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు దాటి, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ మీదుగా అరకు చేరుతుంది. 2017లో ఆ మార్గంలో నడిచే రైలుకు అద్దాల పెట్టె కూడా తగిలించారు. ఆ పెట్టెలో కూర్చున్నవారు గంటలో వందల ఫొటోలు తీస్తారు, తీయనీయండి. కాని ఆ ఫోను ఏం చేస్తుందో గమనించండి. సాయంత్రపు నీలపు నీడను అది లోపంగా లెక్కగట్టి తెలుపుకు సరిదిద్దుతుంది. చీకటి పడిన లోయను వెలిగించి, మెరిసే ఆకాశాన్ని తగ్గించి, రెండింటినీ ఒక్క మట్టానికి తెస్తుంది. నేను ఇందాక చెప్పిన నేలకూ నింగికీ మధ్య ఎడాన్ని సరిగ్గా అదే చెరిపేస్తుంది. ఆ అమరికలన్నీ తీసేసి పూటను పట్టుకునే ఫొటోగ్రాఫర్లు లేకపోలేదు. వాళ్లు ఈ వాదంలో నా పక్షమే. నా తగాదా కెమెరాతో కాదు, ప్రతి సాయంత్రాన్నీ మధ్యాహ్నంగా మార్చే అలవాటుతో.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం చివరిది. ప్రకృతి చిత్రం మనుషుల్ని తుడిచేస్తుంది. కొండను అందంగా చూపించి, కొండమీద బతికేవారి కష్టాన్ని దాచిపెడుతుంది అని. విజయనగరంలో చిత్రకళ నేర్పిన అంట్యాకుల పైడిరాజు వంటివారు పెద్దబొట్టు పెట్టుకున్న పల్లె స్త్రీలను, పనిపాటల జనాన్ని గీశారు కదా, అది కాదా మనకు కావలసింది అని కూడా అడగవచ్చు. అదీ కావాలి, కాదనేవారెవరు? అయితే ఉత్తరాంధ్రలో మనిషి చేయి పడని ప్రకృతి దృశ్యం దాదాపు లేదు. నవంబరు, డిసెంబరుల్లో అరకు లోయను పసుపుగా మార్చే వలిసెలు అడవిపూలు కావు, గిరిజన రైతులు నూనెగింజల కోసం వేసిన పంట. వేసవి చివర కొండవాలున లేచే పొగ పోడు పొగ. గోస్తని మీద తాటిపూడి జలాశయం 1960లలో కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీరు. పూటను నిజాయితీగా గీసేవాడు పొగను మంచుగా మార్చడు, పంటను పూలతోటగా మార్చడు. అందంగా ఉండాలని పోడు చెక్కను చెట్లతో కప్పేసే చిత్రకారుడే మనుషుల్ని తుడిచేస్తాడు. అతను నా లెక్కలో కొండనూ చూడలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక విశాఖ కొండల మీద చెట్లకు ఆకులు లేవు, వానాకాలపు కొండ వేసవి కొండలా గోధుమరంగుకు తిరిగింది. ఆ వారం ఆ కొండలను ఉన్నదున్నట్టు గీసిన చిత్రంలో ఒక్క మనిషి లేకపోయినా, ఇళ్లు కూలిన జనం కథ అందులో ఉంటుంది.

ఈ ఊరి చిత్రకళ ఉపాధ్యాయులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. మీ బడి కిటికీలోంచి కనిపించే ఏదో ఒక కొండను ఎంచుకోండి. ప్రతి కార్తెలో ఒకసారి, ఒకే చోట కూర్చోబెట్టి, పోస్టుకార్డంత కాగితం మీద పిల్లల చేత దాన్ని వేయించండి. వెనక తేదీ, కార్తె, గంట, గాలి ఎటునుంచి వీస్తోందో రాయించండి. మార్కులు వేయకండి, పోటీలకు పంపకండి, బీరువాలో వరసగా దాచండి. బడులు తెరిచేది మృగశిరలో కాబట్టి అప్పుడే మొదలుపెట్టవచ్చు. రోహిణిలో సెలవులుంటాయి, ఆ ఒక్క కాగితం పిల్లలు ఇంటి దగ్గరే వేసి తెచ్చుకోవాలి.